పులిపిరికి ఇంగ్లీషు మాట

ముప్ఫై రెండేళ్లు సోషల్ పాఠాలు చెప్పాను నేను. పానిపట్టు యుద్ధాలు మూడూ ఏయే సంవత్సరాల్లో జరిగాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పులిపిరిని ఇంగ్లీషులో ఏమంటారో మాత్రం నాకు యాభై ఏడో ఏట గానీ తెలియలేదు. ఆ ఒక్క మాట రాకపోవడం వల్ల గౌరీశ్వరి అనే అమ్మాయి టెక్కలి ఆర్డీవో ఆఫీసుకు వెళ్లి, తాను తానేనని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఆమె కథ చెప్పాలంటే నా తెలివితక్కువతనం దగ్గరే మొదలుపెట్టాలి.

తొంభై ఆరు నవంబరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కాశీబుగ్గకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా హైస్కూల్లో పదో తరగతికి నేను క్లాస్ టీచర్ని. పబ్లిక్ పరీక్షకు వెళ్లే ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఒంటి మీద రెండు గుర్తులు వెతికి ఇంగ్లీషులో రాసి పంపాలి. అవే సర్టిఫికెట్ మీద అచ్చవుతాయి. అప్పట్లో సర్టిఫికెట్ మీద ఫొటో ఉండేది కాదు, ఆ రెండు మచ్చలే మనిషికి సాక్ష్యం. మగపిల్లలతో బాధ లేదు, చొక్కా విప్పితే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆడపిల్లలతోనే తంటా. మెడ కిందికి చూడకూడదు, మోకాలి పైకి చూడకూడదు. మొహం, చేతులు, పిక్కలు పోను మిగిలేది లేదు, ఆ కాస్త జాగాలోనే దేవుడు మచ్చ పెట్టి ఉండాలి.

గౌరీశ్వరి వంతు వచ్చింది. మోకాలి కింద సెగ్గడ్డ లేచి మానిన మచ్చ ఒకటి చూపించింది. రెండోది ఏదీ అంటే గడ్డం పైకెత్తింది. పెదవి కింద ఎడమ పక్కన మిరియపు గింజంత పులిపిరి ఉంది. పులిపిరి అని నాకూ తెలుసు. ఇంగ్లీషులో ఏమని రాయాలి? సైన్సు మాస్టారు సెలవులో ఉన్నాడు. తెలుగు పండితుణ్ణి అడిగితే సంస్కృతంలో ఏదో చెప్పాడు. చివరికి హెడ్మాస్టరు విసుక్కున్నాడు.

"మచ్చలాంటిదే కదండీ గణపతిరావు గారూ, మోల్ అని రాసి పారేయండి. ఎవడైనా వచ్చి గిల్లి చూస్తాడా?"

రాసి పారేశాను. గడ్డం మీద మోల్.

గౌరీశ్వరి కాగితంలోకి తొంగి చూసింది. "మాస్టారండీ, మోల్ అంటే ఏటండి?"

"పుట్టుమచ్చ."

"ఇది పుట్టినప్పుడు నేదండి. ఆరో తరగతిలో వచ్చింది."

"వచ్చినప్పుడే పుట్టినట్టు. వెళ్లి కూర్చో."

పదిహేనేళ్ల పిల్లకు ఉన్న సందేహం యాభై ఏళ్ల నాకు లేకపోయింది. సిగ్గుపడాల్సిన విషయమే, కానీ ఆ రోజు నాకు సిగ్గు వేయలేదు. ఇంకా ముప్ఫై నలుగురి మచ్చలు మిగిలి ఉన్నాయని కోపం మాత్రం వచ్చింది.

ఆ పిల్ల తండ్రి నౌపడ ఉప్పుమళ్లలో పని చేస్తూ ఎండదెబ్బకు పోయాడు. తల్లి కాశీబుగ్గలో జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్లేది. పిక్కలు ఇంటికి తెచ్చుకుని కొట్టే రోజుల్లో గౌరీశ్వరి కూడా తెల్లవారుజామునే లేచి తల్లి పక్కన కూర్చుని, బడి గంటకు పరుగెత్తుకుంటూ వచ్చేది. వాళ్ల వీధిలో పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్ల తనే. ఆ సర్టిఫికెట్‌ను తల్లి పసుపు రాసి దేవుడి పటం వెనక పెట్టింది. కాలేజీ ఊసు ఎవరూ ఎత్తలేదు. మేనమామ కొడుకు అప్పలరాజుతో ఊళ్లోనే పెళ్లయింది. అతను కొబ్బరికాయలు దింపే పనివాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు తీర్చడానికి అత్త బొడ్డమ్మ ఉంది. పెళ్లయ్యాక ఏడేళ్లు గౌరీశ్వరి ఆ పిక్కలే కొట్టింది.

రెండు వేల నాలుగులో మా ఊరికి రెండో అంగన్‌వాడీ మంజూరైంది. టీచరు పోస్టుకు పదో తరగతి పాసై ఉండాలి, ఊళ్లో కాపురం ఉన్న మనిషై ఉండాలి. దరఖాస్తులు రెండే వచ్చాయి. ఒకటి గౌరీశ్వరిది, రెండోది లోకనాథం కోడలు దుర్గాదేవిది. లోకనాథం ఊళ్లో పెద్దమనిషి. పెద్దమనిషి అంటే ఎవరి ఇంట్లో ఏం ఉడుకుతోందో ముందుగా వాసన పట్టేవాడని అర్థం. మార్కులు గౌరీశ్వరికే ఎక్కువని అతనికి తెలిసిపోయింది. ఇక ఆమె మొహం మీద పడ్డాడు.

మొహం మీద పడడానికి కారణం కూడా ఉంది. ఆ పులిపిరి అప్పటికి బఠాణీ గింజంత అయింది. దాని చుట్టూ చిన్నచిన్నవి మరో నాలుగు లేచాయి.

"ఆ పులిపిర్ల మొకంతో పిల్లలకి అన్నం ఎడతాదేటి? పసోళ్లకి అంటుకోవా?" అని రామాలయం అరుగు మీద అన్నాడు. సాయంత్రానికి ఊళ్లోని తల్లులందరూ అదే మాట అంటున్నారు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు.

గౌరీశ్వరికి ఆ ఉద్యోగం కావాలి. జీతం సంగతి తర్వాత, పిక్కల దగ్గర నుంచి లేవడమే ఆమెకు ముఖ్యం. ఇంటర్వ్యూకు నెల రోజులుంది. ఈలోగా పులిపిర్లు పోవాలి. ఎలా పోతాయని అడిగితే ఊళ్లో ప్రతివాడూ డాక్టరే. గుర్రపు వెంట్రుకతో మొదలు బిగించి కడితే రాలిపోతుందంది బొడ్డమ్మ. గుర్రం ఎక్కడుంది? పలాస స్టేషన్ దగ్గర జట్కా బండి చూసి ఎన్నేళ్లయిందో. సున్నం, సోడా కలిపి పెట్టమన్నారు ఒకరు. కాశీబుగ్గ హోమియో ఆయన మూడు నెలలకు సరిపడా పంచదార గోళీలిచ్చాడు. తోటి పనివాళ్లు పిక్క తొక్కలోంచి కారే జీడి నూనె ఒక చుక్క అద్దితే మాడి రాలిపోతుందన్నారు. నెల రోజుల గడువున్న మనిషికి చివరిదే దగ్గర దారిలా కనబడింది. అద్దుకుంది. గడ్డం వాచి, బొబ్బలెక్కి, రసి కారింది. పులిపిరి మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ వాచిన గడ్డాన్ని కొంగుతో కప్పుకుని, సర్టిఫికెట్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"మాస్టారండీ, నాకు తల తిరిగిపోతంది. ఇది పులిపిరంటన్నారు అందరూ. మీరేమో మచ్చని రాసినారు. ఇంతకీ ఇదేటండి?"

అప్పుడైనా నిజం చెప్పవచ్చు కదా. చెప్పలేకపోయాను. ముప్ఫై ఏళ్ల మాస్టరీ గొంతుకు అడ్డం పడింది. "సర్టిఫికెట్‌లో ఏది ఉంటే అదే," అన్నాను. ఆమె తల ఊపింది. నా మాట అంటే అంత నమ్మకం. ఆ నమ్మకం చూసి నాకే భయమేసి, ఆదివారం డాక్టరు దగ్గరికి నేనూ వస్తానన్నాను.

శ్రీకాకుళం నుంచి ఆదివారాల్లో చర్మ వ్యాధుల డాక్టరు ఇమ్మానుయేలు గారు కాశీబుగ్గ వచ్చి ఒక మందుల షాపు వెనక గదిలో రోగుల్ని చూసేవారు. అప్పలరాజు బయట బల్ల మీద కూర్చున్నాడు, మేమిద్దరం లోపలికి వెళ్లాం. డాక్టరు గారు భూతద్దం పెట్టి చూసి, "పులిపిర్లమ్మా ఇవి. జీడి నూనె ఎవరు పెట్టమన్నారు?" అన్నారు.

"పులిపిర్లు కావండి, ఈ పెద్దది పుట్టుమచ్చండి," అని గౌరీశ్వరి సంచిలోంచి సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టింది. "గవర్నమెంటు రాసింది సూడండి."

డాక్టరు గారు సర్టిఫికెట్ చదివారు. మళ్లీ భూతద్దం తీసుకుని గడ్డం చూశారు. ఆయనకూ తికమక మొదలైంది.

"పుట్టిందగ్గర నుంచీ ఉందా?"

"నేదండి. ఆరో తరగతిలో వచ్చింది. గానీ వచ్చినప్పుడే పుట్టినట్టంటండి."

"ఎవరన్నారు?"

గౌరీశ్వరి నా వైపు చూడలేదు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. అది కిందటి సంవత్సరం క్యాలెండరు.

డాక్టరు గారు ఓపిక గల మనిషి. కాగితం మీద రెండు బొమ్మలు గీశారు. "మచ్చ వేరు, పులిపిరి వేరమ్మా. మచ్చను మోల్ అంటారు, పులిపిరిని వార్ట్ అంటారు. మచ్చ ఊరికే ఉంటే దాని జోలికి వెళ్లక్కర్లేదు. అది పెరిగినా, రంగు మారినా, రక్తం కారినా మాత్రం కాల్చకూడదు. కోసి, కుట్టేసి, ఆ ముక్కను విశాఖ పంపి పరీక్ష చేయించాలి. ఒక్కోసారి దాని వెనక చెడ్డ జబ్బు ఉంటుంది. పులిపిరి సంగతి అలా కాదు. అది సూక్ష్మజీవి వల్ల వస్తుంది."

"మరిది పోవాలంటే?"

"నాలుగు రకాలుగా చేస్తాం. పూత మందు ఉంది, రోజూ రాస్తే కొన్ని వారాలకు అరిగిపోతుంది. అది చేతులకూ కాళ్లకూ బాగుంటుంది, మొహానికి పనికిరాదు. చల్లటి గ్యాసుతో గడ్డకట్టించి రాల్చవచ్చు, ఆ మిషను ఇక్కడ లేదు, విశాఖ వెళ్లాలి. మత్తు సూది వేసి కరెంటు సూదితో మాడ్చి తీయవచ్చు, ఈ వాపు తగ్గాక అది ఇక్కడే చేస్తాను. ఏమీ చేయకుండా వదిలేస్తే ఏడాదికో రెండేళ్లకో దానంతటదే పోవచ్చు."

"తియ్యకపోయినా పోతాదాండి?"

"పోవచ్చు."

"తీసీసినాక మళ్లీ వస్తాదాండి?"

"రావచ్చు."

గౌరీశ్వరి డాక్టరు గారినీ నన్నూ మార్చి మార్చి చూసింది. "తియ్యకపోతే పోయీదీ, తీసినాక వొచ్చీదీ అయితే, తియ్యడం ఎందుకండి?"

డాక్టరు గారికి నవ్వొచ్చింది. నాకు రాలేదు, ఎందుకంటే ఆ ప్రశ్న నాకూ సబబుగానే తోచింది.

"పసిపిల్లలకి అంటుకుంటాదాండి? అది సెప్పండి సాలు," అంది చివరికి.

"గిల్లిన గోళ్లతో ముట్టుకుంటే, ఒకే తువ్వాలు వాడితే అంటుకోవచ్చు. చేతులు కడుక్కుని అన్నం పెడితే ఏమీ కాదు. ఈ మాట మీ ఊళ్లో వాళ్లకు చెప్పండి."

"మా ఊరోళ్లకి సెప్పడం కంటే కాల్పించీసుకోడమే సులువండి," అంది గౌరీశ్వరి.

వాపు తగ్గేదాకా వారం ఆగి, మరుసటి ఆదివారం తీయించుకుంది. పది రోజులకు పక్కు రాలిపోయింది. నున్నటి గడ్డం మీద కాస్త తెల్లగా కనిపించే చోటు తప్ప మరేమీ మిగల్లేదు. అద్దంలో చూసుకుని ఏడ్చిందని బొడ్డమ్మ చెప్పింది. ఎందుకు ఏడ్చావే అంటే, "నానేనా అత్తా ఇది?" అందట.

ఇంటర్వ్యూ అయ్యాక ఆ మాటే లోకనాథం కూడా అన్నాడు, ఆర్డీవోకు పెట్టిన అర్జీలో. సర్టిఫికెట్‌లో గడ్డం మీద మచ్చ ఉందని రాసి ఉంది, ఈమెకు లేదు, కాబట్టి ఆ సర్టిఫికెట్ ఈమెది కాదని. ఇందులో ఇంకో చిక్కుంది. మా ఊళ్లో సగం మందిది ఒకటే ఇంటిపేరు. ఆ ఏడు పదో తరగతిలో గౌరీశ్వరిలు ముగ్గురు, ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు, అందులో ఇద్దరి తండ్రుల పేర్లూ ఒకటే. ఆ రెండో గౌరీశ్వరి పెళ్లయి ఇచ్ఛాపురం అవతలికి వెళ్లిపోయింది. పాసైంది ఆమె, ఈమె ఫెయిలైంది, సర్టిఫికెట్ అడిగి తెచ్చుకుందని లోకనాథం కథ. మోకాలి మచ్చ చూద్దామంటే అది ఏనాడో చర్మంలో కలిసిపోయింది. బడి రిజిస్టర్లు చూద్దామంటే వాటిలోనూ ఉన్నది నా చేతిరాతే, గడ్డం మీద మోల్ అని.

మచ్చ ఉన్నప్పుడు పనికిరాదన్న నోరే, లేనప్పుడు మచ్చ ఏదీ అంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది. లోకనాథం ఇంటికి వెళ్లి నాలుగు దులిపి వచ్చాను. అతను చల్లగా, "రాసినోరు మీరే కదేటి మాస్టారూ," అన్నాడు.

విచారణకు ముందురోజు గౌరీశ్వరి వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను, అదీ లేదు. అలిసిపోయి గుమ్మం దగ్గర కూర్చుంది.

"మచ్చ నేని మనుషులంటే మంచోళ్లనుకున్నాను మాస్టారండీ. ఇప్పుడు మచ్చ నేకపోతే నాను మనిషినే కానంట. రేపు ఆ పోస్టు పోతే మళ్లీ పిక్కల్లోకే ఎల్లాల."

"నేను వస్తాను. తప్పు రాశానని రాసిస్తాను," అన్నాను.

"మీకు ఇంగ్లీసు రాదని అందరికీ తెలిసిపోతాది గదండి," అంది దిగులుగా. ఆమె దిగులు నా పరువు గురించి!

టెక్కలి ఆర్డీవో ఆఫీసులో ఆ రోజు ఆర్డీవో గారు, అంగన్‌వాడీల ఆఫీసరమ్మ, రాసుకునే గుమస్తా, కుర్చీలో లోకనాథం ఉన్నారు. గౌరీశ్వరి గోడ పక్కన నిలబడింది. నా కాగితం ఇచ్చాను. పులిపిరికి ఇంగ్లీషు తెలియక మోల్ అని రాశానని అందులో ఉంది. డాక్టరు గారి కాగితం ఇచ్చాను, తీసింది వార్ట్ అని ఉంది.

ఆర్డీవో గారు రెండూ పక్కపక్కన పెట్టుకుని నుదురు రుద్దుకున్నారు. "సర్టిఫికెట్‌లో మోల్. డాక్టరు తీసింది వార్ట్. మోల్ ఉన్న మనిషి, వార్ట్ తీయించుకున్న మనిషి ఒకరేనని మాస్టారు అంటున్నారు. మాస్టారూ, అప్పుడు తప్పు రాశానంటున్నారు కదా, ఇప్పుడు ఒప్పు చెబుతున్నారని నేనెలా నమ్మాలి?"

"నా స్టూడెంట్ సార్. నాకు తెలుసు."

"ముగ్గురూ మీ స్టూడెంట్లే. తెలుసు అన్న మాటను ఫైల్లో రాయలేను. ఈమెకే ఉండి, మిగతా ఇద్దరికీ లేని గుర్తు, ఆ రోజుల్లో మీరు కళ్లారా చూసింది ఏదైనా ఉంటే చెప్పండి."

ఏళ్ల తరబడి పిల్లల ఒంటి మీద మచ్చలు వెతికినవాణ్ణి, ఒక్క గుర్తు చెప్పలేక నిలబడ్డాను. లోకనాథం కాలు మీద కాలు వేసుకున్నాడు.

గౌరీశ్వరి గోడ పక్కనుంచి వచ్చింది. ఎడమ చేతి గాజులు మోచేతి దాకా తోసి, ఆ చెయ్యి ఆర్డీవో గారి బల్ల మీద పెట్టింది. మణికట్టు దగ్గర నుంచి బొటనవేలి మొదలు దాకా కాలి, ముడుచుకుని మెరుస్తున్న మచ్చ.

"ఇది మాస్టారికి తెల్సండి," అంది నెమ్మదిగా. అని తల దించుకుంది.

తెలుసు. ఎందుకు తెలియదు! ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్షన్ రోజున నోటు పుస్తకం తిరగేస్తే పేజీ పేజీకీ నల్లటి వేలిముద్రలున్నాయి. చేతులు చూపించమంటే కాటుక రాసినట్టున్నాయి. కడుక్కుని రావడం కూడా చేతకాదా అని బెత్తం తీశాను. రెండో దెబ్బ తప్పిపోయి మణికట్టు మీద పడింది. అక్కడ జీడి నూనె పడి కాలిన పచ్చి పుండు ఉంది. తోలు లేచిపోయింది. ఆ పిల్ల కిమ్మనలేదు. పక్కనున్న అమ్మాయి, "అది మురికి కాదండి, పిక్కల నలుపండి, కడిగినా పోదండి," అంది. నేను తప్పయిందని అనలేదు, కూర్చోమన్నాను. మరుసటి ఏడు గుర్తుల కోసం పిలిచినప్పుడు రెండు చేతులూ ఓణీ కింద పెట్టుకుని నాకు గడ్డం మాత్రమే చూపించింది. సిగ్గు అనుకున్నాను నేను. అది భయం.

"మీరు చూశారా మాస్టారూ? ఇది అప్పటిదేనా?" అన్నారు ఆర్డీవో గారు.

చూశాను అంటే సరిపోయేది. కానీ ఎలా చూశారని అడుగుతారు. అడక్కపోయినా ఇక దాచుకునే ఓపిక నాకు లేదు.

"అప్పటిదే సార్. దీని మీద నేను బెత్తంతో కొట్టాను. నల్లగా ఉన్నాయని కొట్టాను. కొడితే తోలు లేచింది. ఆ రోజు ఏడవకుండా నిలబడిన పిల్ల ఈమే. ఈమె కాక ఇంకొకరు కారు."

ఆర్డీవో గారు లోకనాథం వైపు తిరిగి, "మీరు చెబుతున్న ఆ రెండో గౌరీశ్వరికి ఇలాంటిది ఉందా?" అన్నారు. లోకనాథం కాలు దించాడు. ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ ఉందని, క్లాస్ టీచరు గుర్తుపట్టాడని, అర్జీ కొట్టివేశామని గుమస్తా చేత రాయించారు. పోస్టు గౌరీశ్వరికి ఖాయమని అక్కడే సంతకం చేశారు.

"ఆ కొట్టిన మాట కూడా రాయించండి సార్," అన్నాను నేను.

గౌరీశ్వరి గబగబా గాజులు కిందికి దించుకుని బల్లకు అడ్డం వచ్చింది.

"వద్దు బాబూ, అది రాయకండి. మాస్టారు వొచ్చే ఏడు రిటైరయిపోతారు. పింఛను ఆగిపోతాదేటో."